రెండు లాప్‌టాప్‌లు, ఒక మిక్సర్ – 3వ పాఠం: ఛానళ్లు కాదు, ఇన్‌పుట్‌లు లెక్కపెట్టండి

పోయిన పాఠంలో సౌండ్ కార్డు, అంటే లాప్‌టాప్ సౌండ్‌ని బయటికి పంపే పెట్టె సంగతి చూశాం. హెడ్‌ఫోన్‌కి ఒక స్టీరియో జత (ఎడమ, కుడి), స్పీకర్ల వైపు ఇంకో జత విడివిడిగా వెళ్లాలి అనుకున్నాం కదా, ఈసారి ఆ స్పీకర్ల వైపు వెళ్లే వైర్లు ఎక్కడ కలవాలో, అంటే ఎలాంటి మిక్సర్ కొనాలో చూద్దాం. వాయించేది ఇద్దరు డీజేలు, చెరో లాప్‌టాప్ ఉంది, డబ్బు మాత్రం ఎక్కువ లేదు. షాపుకి వెళ్లగానే "ఎన్ని ఛానళ్లు కావాలి సర్?" అని అడుగుతారు. దానికి జవాబు మీ దగ్గర లేకపోతే షాపతని దగ్గర ఉంటుంది, అది మీ బడ్జెట్ కంటే కాస్త పైనే ఉంటుంది.

అందుకని ఇంట్లోనే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. పాటలు ఎక్కడ కలుస్తున్నాయి, లాప్‌టాప్ లోపలా, బయటా?

లోపల అంటే, సాఫ్ట్‌వేర్‌లో రెండు డెక్‌లు (పాట నడిపే ప్లేయర్లు) ఉంటాయి, మౌస్‌తోనో చిన్న కంట్రోలర్‌తోనో వాటిని అక్కడే కలిపేస్తారు, బయటికి వచ్చేది ఒకే స్టీరియో సౌండ్. ఇద్దరూ ఇలాగే చేస్తే మిక్సర్‌కి కావాల్సినవి రెండు స్టీరియో ఇన్‌పుట్‌లు, అంతే. బయట అంటే, ఒక్కో డెక్ విడిగా బయటికొచ్చి మిక్సర్ ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే జరుపుడు మీట) మీద కలుస్తుంది, అప్పుడు మనిషికి రెండు చొప్పున నాలుగు. ఒకరు లోపల, ఒకరు బయట అయితే మూడు. దీనికి ఇంకొకటి కలపండి, లాప్‌టాప్ హ్యాంగ్ అయిన రోజు ఫోన్‌లోంచి పాట నడిపించడానికి. అది ఎప్పుడో ఒక రోజు తప్పకుండా అవసరపడుతుంది, సాధారణంగా జనం బాగా ఊపులో ఉన్నప్పుడే. సంగీత్ ఫంక్షన్లూ కాలేజీ ఫెస్ట్‌లూ చేసేవాళ్లయితే యాంకర్ మైక్‌కి ఒక ఇన్‌పుట్ కూడా కావాలి.

నా మాట అడిగితే, డబ్బు తక్కువున్నప్పుడు ఇద్దరూ లోపలే కలపండి. మూడు స్టీరియో ఇన్‌పుట్‌లు, ఒక మైక్ ఉంటే చాలు. నాలుగు ఛానళ్ల డీజే మిక్సర్ టేబుల్ మీద గొప్పగా కనిపిస్తుంది గానీ, అందులో రెండు ఫేడర్లు ఏడాదంతా దుమ్ము పట్టడానికి డబ్బులు కట్టినట్టే.

ఇక పెట్టె మీద రాసుండే అంకె. పీఏ మిక్సర్లు, అంటే ఫంక్షన్ హాళ్లలో మైకులకి వాడే మామూలు మిక్సర్లు, వీటి మీద ఛానళ్లని మన లెక్కలో లెక్కపెట్టరు. యమహా ఎంజీ10ఎక్స్‌యూ తీసుకోండి. 10 అంటే నాలుగు మోనో (ఎడమ, కుడి విడిగా లేని) మైక్ ఛానళ్లు, మూడు స్టీరియో జతలు, జతకి రెండు చొప్పున ఆరు. అంటే లాప్‌టాప్‌లకి పనికొచ్చే స్టీరియో చోట్లు మూడే, మన లెక్కకి సరిగ్గా సరిపోతుంది. డీజే మిక్సర్ల మీద మాత్రం రెండు ఛానళ్లు అంటే రెండు స్టీరియో ఛానళ్లే. ఒకే అంకె రెండు రకాల పెట్టెల మీద రెండు అర్థాల్లో ఉంటుంది కాబట్టి అంకె వదిలేసి, మిక్సర్ వెనక్కి తిప్పి సాకెట్లు లెక్కపెట్టండి.

మరి పీఏ మిక్సర్ చాలా, డీజే మిక్సరే కావాలా? తేడా ముఖ్యంగా బేస్ దగ్గర వస్తుంది. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లేటప్పుడు పాతదాని బేస్ పూర్తిగా తీసేసి కొత్తదాని బేస్ తెస్తాం. పీఏ మిక్సర్ ఈక్యూ నాబ్ (బేస్ లాంటివి పెంచి తగ్గించేది) సాధారణంగా 15 డీబీ (డెసిబెల్) తగ్గిస్తుంది, అంటే సిగ్నల్‌లో ఆరో వంతు ఇంకా మిగిలే ఉంటుంది, రెండు డ్రమ్ములూ కలిసి బురద బురదగా వినిపిస్తాయి. పయనీర్ డీజేఎం రకం మిక్సర్లలో ఆ నాబ్ 26 డీబీ దాకా దిగుతుంది, మిగిలేది ఇరవయ్యో వంతు. కొన్నిటిలో పూర్తిగా సున్నా చేసే సదుపాయం కూడా ఉంటుంది. అయితే మీరిద్దరూ లోపలే కలుపుతున్నారంటే ఈ బేస్ పని చాలావరకు సాఫ్ట్‌వేర్‌లోనే అయిపోతుంది, మిక్సర్ చేయాల్సింది ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారేటప్పుడు మాత్రమే. అరగంటకోసారి మారేవాళ్లకి మామూలు పీఏ మిక్సర్ హాయిగా సరిపోతుంది. పాట పాటకీ మారుతూ, ఒకరి బీట్ మీద ఇంకొకరు వాయించాలనుకునే వాళ్లు మాత్రం రాజీ పడకండి, చిన్నదైనా డీజే మిక్సరే కొనండి.

ఇలా పాట పాటకీ మారేవాళ్లకి నేను చూడమనేది అలెన్ అండ్ హీత్ ఎక్సోన్:23. పేరుకి రెండు ఛానళ్లే గానీ, ఒక్కో ఛానల్‌లో రెండేసి సోర్సులు పెట్టుకోవచ్చు, వాటికి విడివిడి లెవెల్ నాబ్‌లు ఉంటాయి, కాబట్టి రెండు లాప్‌టాప్‌లు పెట్టాక కూడా చోటు మిగులుతుంది. కొత్తది భారమనిపిస్తే సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. రేట్లు ఇక్కడ రాయను, మీరు చదివేసరికి మారిపోతాయి.

ఇప్పుడు చాలామంది పడే గుంట. "యూఎస్‌బీ ఉన్న మిక్సర్ కొంటే సౌండ్ కార్డులే అక్కర్లేదు కదా?" ఒక్కరే అయితే నిజమే. పయనీర్ డీజేఎం-250ఎంకే2 లాంటివాటిలో సౌండ్ కార్డు లోపలే ఉంది, కానీ యూఎస్‌బీ పోర్టు ఒక్కటే, అది ఒక్క లాప్‌టాప్‌కే. రెండో మనిషి సొంత సౌండ్ కార్డుతో లైన్ ఇన్‌పుట్‌లోకి రావాల్సిందే, అలా వస్తే ఏ ఇబ్బందీ లేదు. రెండు లాప్‌టాప్‌లు ఒకేసారి పెట్టుకునేలా రెండు యూఎస్‌బీ పోర్టులున్న మిక్సర్లూ ఉన్నాయి, రేన్ సిక్స్‌టీ-టూ, డీజేఎం-ఎస్9, డీజేఎం-900ఎన్ఎక్స్ఎస్2 అలాంటివే, అవి క్లబ్బుల్లో డీజేలు ఆపకుండా మారడానికి చేసినవి, మన బడ్జెట్ వైపు కూడా చూడవు. ఇక చవక పీఏ మిక్సర్ల మీద ఉండే యూఎస్‌బీని షో రికార్డు చేసుకోవడానికి వాడుకోండి, అది కూడా తక్కువ లాభమేం కాదు.

వైర్ల విషయం కొంచెం నెమ్మదిగా చదవండి, ఎందుకంటే బాగున్న మిక్సర్‌ని పాడైందని వెనక్కి ఇచ్చేసేలా చేసేది ఇదే. సౌండ్ కార్డు ఇంకా కొనకుండా లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచే నడిపేవాళ్లుంటారు, పర్లేదు, మొదట్లో సరిపోతుంది. కానీ ఆ 3.5 ఎంఎం స్టీరియో పిన్‌కి ఒక అడాప్టర్ తగిలించి, మిక్సర్‌లో మైక్ ఛానల్‌కి ఉండే ఒకే ఒక్క పెద్ద జాక్‌లో గుచ్చితే విచిత్రం జరుగుతుంది: సంగీతం వస్తుంది, పాడేవాళ్ల గొంతు మాయమైపోతుంది, బేస్ కూడా చాలావరకు పోతుంది. ఆ జాక్ బ్యాలెన్స్‌డ్ రకం, రెండు వైర్ల మధ్య తేడాని మాత్రమే తీసుకుంటుంది. ఎడమా కుడీ రెండింటిలోనూ సమానంగా ఉండే గొంతు, బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే అడగాల్సిన వైరు: ఒక వైపు 3.5 ఎంఎం స్టీరియో పిన్, రెండో వైపు రెండుగా చీలి రెండు ఆర్‌సీఏ పిన్‌లు (పాత టీవీల వెనక గుచ్చే ఎరుపు, తెలుపు రకం), లేదా రెండు పెద్ద మోనో పిన్‌లు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి వెతకండి, ఇద్దరికీ ఒక్కోటి, పైన ఒకటి స్పేర్ కొనిపెట్టుకోండి.

డీజే మిక్సర్ వెనక ఫోనో, లైన్ అని రెండు రకాలు కనిపిస్తాయి. ఫోనో రికార్డు ప్లేయర్ కోసం, అక్కడ సిగ్నల్‌ని బాగా పెంచే సర్క్యూట్ ఉంటుంది, లాప్‌టాప్‌ని అందులో పెడితే పగిలిపోయినట్టు మోగుతుంది. మనవి రెండూ లైన్‌లోనే. కొన్నిటికి సాకెట్ ఒకటే ఉండి పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని చూసుకోండి.

వినడం సంగతి. క్యూ బటన్, పీఏ మిక్సర్ల మీద అయితే పీఎఫ్ఎల్, ఫేడర్ కింద ఉన్నా ఆ ఛానల్‌ని హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. చిన్న పీఏ మిక్సర్లలో చాలావాటికి ఇది ఉండదు. మీ ఇద్దరి సౌండ్ కార్డులకీ హెడ్‌ఫోన్ అవుట్ విడిగా ఉంటే, ఎవరి పాట వాళ్లు తమ లాప్‌టాప్‌లోనే ముందుగా వింటారు కాబట్టి పెద్ద లోటు కాదు. లేకపోతే పీఎఫ్ఎల్ లేని మిక్సర్ ముట్టుకోవద్దు. ఇద్దరి బీట్ ఒకే వేగంలో నడవడానికి ఏబుల్టన్ లింక్ అనే సదుపాయం ఉంది, 2016లో వచ్చింది, ట్రాక్టర్, సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్‌లు రెండింటిలోనూ దొరుకుతుంది, ఇద్దరూ ఒకే వైఫైలో ఉంటే చాలు. దానికీ మిక్సర్‌కీ సంబంధం లేదు, "సింక్ ఉన్న మిక్సర్" అని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే నవ్వి ఊరుకోండి.

బయటికెళ్లే వైపు ఎక్స్ఎల్ఆర్ (మైక్ వైర్లకి ఉండే మూడు పిన్‌ల గుండ్రటి సాకెట్) ఉందో లేదో చూడండి. ఆర్‌సీఏ వైరు రెండు మూడు మీటర్లు దాటితే గుయ్‌మనే శబ్దాన్ని లాగేస్తుంది, ఫంక్షన్ హాల్లో స్పీకర్లు అంత దగ్గర ఉండవు.

సెకండ్ హ్యాండ్ అయితే షాపులోనే మీ లాప్‌టాప్ పెట్టి పాట నడపండి. ప్రతి ఫేడర్‌నీ నెమ్మదిగా కదపండి, కరకరమంటే లోపల అరిగిందని అర్థం. క్రాస్‌ఫేడర్ (ఒక పాట నుంచి ఇంకో పాటకి జరిపే అడ్డ ఫేడర్) పూర్తిగా ఒక చివరకి లాగాక రెండో వైపు పాట సన్నగా వినిపిస్తుంటే అది కూడా అరుగుదలే, ఫేడర్ మార్చడానికి ఎంతవుతుందో అడిగి బేరంలో తగ్గించండి. వెనక సాకెట్లలో వైరు అటూ ఇటూ ఊపండి, సౌండ్ పోయి వస్తుంటే వదిలేయండి. అడాప్టర్ దాంతోపాటు వచ్చిందేనా అని అడగండి, కొన్ని చిన్న మిక్సర్ల అడాప్టర్ డీసీ కాదు, ఏసీ ఇస్తుంది, బయట దొరికే ఫోన్ ఛార్జర్ లాంటిదేదో గుచ్చితే పని చేయదు.

ఈ వారం పని: ఒక కాగితం మీద రెండు లాప్‌టాప్‌లు, ఫోన్, మైక్, స్పీకర్లు గీసి, ఒక్కో వైరుకీ రెండు చివర్లా ఏ పిన్ ఉండాలో రాయండి. ఇద్దరూ విడివిడిగా గీసి తర్వాత పోల్చుకోండి, తేడాలుంటే కొనే ముందే తేల్చుకోండి. 4వ పాఠంలో గెయిన్ ఎంత పెట్టాలో, ఇద్దరి డ్రమ్మూ ఒకేసారి పడినప్పుడు 6 డీబీ దాకా ఎందుకు పెరుగుతుందో, ఛార్జర్ పెట్టగానే వచ్చే గుయ్‌మనే శబ్దాన్ని ఎలా పట్టుకోవాలో చూద్దాం. ఈలోగా ఆ శబ్దం వస్తే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా విరగ్గొట్టొద్దు.