ఎడారి సైకిల్ రేసుకి వెళ్తున్నారా? ముందు చైను సంగతి చూడండి

మొరాకోలో జరిగే టైటన్ డెజర్ట్ లాంటి మౌంటెన్ బైక్ రేసు అంటే ఆరు స్టేజీలు, దాదాపు 600 కిలోమీటర్లు. అందరూ కాళ్ల బలం గురించే టెన్షన్ పడతారు కానీ, ఇసుకలో ముందు మొరాయించేది చైనే. జిడ్డు నూనె రాస్తే ఇసుక దానికి అంటుకుని, గరుకు కాగితంలా పళ్లను అరగదీస్తుంది. పాత నూనె పూర్తిగా కడిగేసి, ఆరాక మైనం రకం లూబ్ వేయండి. అది రాత్రే వేసి పొద్దుటి దాకా ఆరనివ్వాలి. బయల్దేరేటప్పుడు హడావిడిగా వేస్తే దండగ. స్టేజీ అయ్యాక పొడి బ్రష్‌తో దులిపి, మళ్లీ వేయండి. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టొద్దు, బేరింగుల్లోకి ఇసుక పోతుంది.

ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ (పంక్చరు రంధ్రాల్ని పూడ్చే ద్రవం) ఎండకి త్వరగా గట్టిపడుతుంది. రేసుకి ముందు కొత్తది పోయండి, అయినా ట్యూబు వెంట ఉండాల్సిందే. అది ఎక్కించే ముందు టైరు లోపల జాగ్రత్తగా తడిమి ముళ్లు ఏరేయండి, లేకపోతే ఆ ట్యూబూ గోవిందా!

మెత్తటి ఇసుకలో టైర్లలో గాలి కాస్త తగ్గించి, ఒంటి బరువు వెనక్కి వేసి, తేలిక గేరులో ఆపకుండా తొక్కాలి. దీన్ని మన సూర్యలంక బీచ్‌లోనో, ఏటి ఇసుకలోనో ప్రాక్టీసు చేయొచ్చు. బీచ్ అయితే ఇంటికొచ్చాక ఉప్పు పోయేలా సైకిల్‌ని మంచినీళ్లతో తుడవండి.