గుర్రం నెత్తురులో ఎంజైమ్ కొలిచే ముందు కడగడం నేర్చుకోండి

నెల్లూరులో మా ల్యాబ్‌కు వచ్చేవి ఎక్కువగా గేదెల నమూనాలు, గొర్రెల నమూనాలు. మాఘమాసపు ముహూర్తాలు ముగిశాక మాత్రం ఊరేగింపు గుర్రాల నెత్తురు వస్తుంది. కండలు బిగుసుకుపోతున్నాయి, మేతలోంచి అందే సెలీనియం అనే ఖనిజం చాలడం లేదేమో చూడమని డాక్టరుగారి చీటీ. అప్పుడు ఎర్ర రక్తకణాల్లోని గ్లూటాథియోన్ పెరాక్సిడేజ్‌ను కొలుస్తాను. ఈ ఎంజైమ్ పనిచేయాలంటే సెలీనియం ఉండాలి. కణం తయారయ్యేటప్పుడే అది లోపలికి చేరుతుంది. గుర్రం ఎర్రకణం దాదాపు ఐదు నెలలు బతుకుతుంది కాబట్టి మనకు తెలిసేది గత కొన్ని నెలల మేత సంగతి. వారం కిందట మొదలుపెట్టిన మందు ఇందులో కనిపించదని యజమానికి ముందే చెప్పండి, లేకపోతే తర్వాత మీతోనే పోట్లాడతాడు.

నెత్తురు మెడ సిరలోంచి, నెత్తురు గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ఆకుపచ్చ మూత ట్యూబులోకి తీయాలి. గుర్రం బెదిరితే ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్రకణాలను ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది. అందుకే ఫలితాన్ని మిల్లీలీటరు నెత్తురుకు కాక, గ్రాము హిమోగ్లోబిన్‌కు చెప్పాలి. కావలి నుంచో కందుకూరు నుంచో పంపేవాళ్లు రొయ్యల థర్మోకోల్ పెట్టె వాడతారు, మంచిదే. కానీ ట్యూబును తువ్వాలులో చుట్టండి. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన ఐసుకు నేరుగా ఆనితే కణాలు గడ్డకట్టి పగులుతాయి.

అసలు పని కడగడంలోనే ఉంది. గుర్రం ఎర్రకణాలు నాణేల దొంతరలా అతుక్కుని చాలా త్వరగా అడుగుకు దిగిపోతాయి. పైన తేలే పసుపు ద్రవాన్ని చూసి కామెర్లు అనుకోకండి, గుర్రం ప్లాస్మా రంగే అంత. ట్యూబును మెల్లగా తలకిందులు చేసి కలిపి, 3000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పండి. ప్లాస్మాతో పాటు ఎర్రకణాల మీద ఉండే తెల్లటి పొరను కూడా లాగేయాలి, కొంచెం ఎర్రకణాలు పోయినా ఫరవాలేదు. తెల్లకణాల్లోనూ ఈ ఎంజైమ్ ఉంటుంది, అది మిగిలితే లెక్క చెడుతుంది. తర్వాత చల్లటి 0.9 శాతం సెలైన్‌తో మూడుసార్లు కడగండి. పై నీరు గులాబీ రంగుకు తిరిగితే కణాలు పగులుతున్నట్టే. ఆ నమూనా వదిలేసి కొత్తది అడగండి, మొహమాటం వద్దు.

కడిగిన కణాలు 100 మైక్రోలీటర్లు తీసి, 1.9 మిల్లీలీటర్ల చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో వదిలితే పగిలిపోతాయి. కడిగిన కణాల ముద్ద చిక్కగా ఉంటుంది, పిపెట్ మొనకు బయటా లోపలా అంటుకుంటుంది. నిదానంగా లాగి, బయటి వైపు తుడిచి, ఆ నీటితోనే మొనను రెండు మూడుసార్లు కడిగి వదలండి. మళ్లీ తిప్పి, పైన తేరిన ఎర్రటి ద్రవం వాడండి.

ఇక్కడి నుంచి పని సులువు. అనలైజర్‌లో 340 నానోమీటర్లు, 37 డిగ్రీలు, కైనెటిక్ పద్ధతి. ఎంజైమ్ పనిచేసే కొద్దీ ఖర్చయ్యే ఎన్ఏడీపీహెచ్ అనే రసాయనం ఎంత వేగంగా తరుగుతుందో అదే కొలత. నమూనా లేకుండా జరిగే తగ్గుదలను విడిగా చూసి తీసేయాలి. ఉదాహరణకు నిమిషానికి నికర తగ్గుదల 0.0933 అనుకుందాం. దాన్ని ఎన్ఏడీపీహెచ్ స్థిరాంకం 6.22తో భాగిస్తే 0.015, అంటే క్యువెట్‌లో (కొలిచే చిన్న గిన్నెలో) లీటరుకు 15 యూనిట్లు. మొత్తం 1 మిల్లీలీటరులో నమూనా 20 మైక్రోలీటర్లు కాబట్టి 50తో గుణిస్తే 750. అదే ద్రవంలో హిమోగ్లోబిన్ లీటరుకు 15 గ్రాములైతే, గ్రాముకు 50 యూనిట్లు.

మనుషుల కిట్ కాగితం మీది సాధారణ విలువలు గుర్రానికి పట్టుకోకండి. అదే ఊళ్లో, అదే మేత తినే ఆరోగ్యమైన గుర్రాల నెత్తురు కూడా అదే రోజు పరీక్షించినా చాలదు. మేతలోనే లోపం ఉంటే అన్నీ ఒకేలా తక్కువగా వస్తాయి. వేరే చోటి మేత తినే గుర్రం నమూనా ఒకటైనా పక్కన ఉండాలి. హిమోగ్లోబిన్‌కు వాడే డ్రాబ్‌కిన్ ద్రావణంలో సయనైడ్ ఉంటుంది, దాని వ్యర్థాలను యాసిడ్ పోసే సింకులో మాత్రం పారబోయకండి.