చిన్న రీఫ్ ట్యాంకు, 1వ పాఠం: ఇంకా ఏమీ కొనొద్దు

రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీటిలో చేపలతోపాటు పగడాలు కూడా పెంచే అక్వేరియం. ఈ పాఠానికి కావలసినవి ఒక కాగితం, పెన్ను, స్కేలు, నిటారు అంచులున్న ఒక ట్రే, అంతే. ట్యాంకు ఇప్పటికే కొనేసి ఉంటే పర్లేదు, దాని కొలతలు రాసుకుని మిగతాది చదవండి. కొనకపోతే మాత్రం ఈ వారం ఆగండి, ఎందుకంటే ఉప్పునీటి అక్వేరియంలో వచ్చే తలనొప్పుల్లో చాలావరకు నీళ్లు పోయకముందే, కొలతలు ఎంచుకున్న రోజే ఖాయమైపోతాయి.

కాగితం మీద మొదట రాయాల్సింది ట్యాంకు సైజు కాదు, అందులో ఎవరుంటారన్నది. రెండు ఆసెలారిస్ క్లౌన్ ఫిష్‌లు అని రాయండి. పెరిగితే 8-9 సెంటీమీటర్లు ఉంటాయి, ఎక్కువ దూరం ఈదవు, ఒక మూల చూసుకుని అక్కడే తిరుగుతుంటాయి, కాబట్టి చిన్న ట్యాంకుకి సరిపోతాయి. వాటికి ఎనిమోన్ (అవి దాక్కునే, పువ్వులా కనిపించే సముద్రజీవి) ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ఎనిమోన్‌కి బలమైన లైటు, బాగా కుదురుకున్న పాత ట్యాంకు కావాలి, పైగా అది పెట్టినచోట ఉండదు, పాకుకుంటూ పోయి వేవ్‌మేకర్‌లో (నీళ్లు కదిలించే పంపు) పడి నలిగితే ట్యాంకంతా చెడిపోతుంది. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

ఇక రాయకూడనివి. బ్లూ టాంగ్ షాపులో వేలెడంతే కనిపిస్తుంది కానీ 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప అది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. మాండరిన్ చేప చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా దాని తిండి రాళ్లమీద పాకే కోపీపాడ్‌లనే సన్నటి జీవులు, చిన్న కొత్త ట్యాంకులో అవి కొద్దిరోజుల్లోనే అయిపోతాయి, ఆ తర్వాత చేప మన కళ్లముందే చిక్కిపోతుంది. వద్దంటే వద్దు.

పగడాల్లో మొదట మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, లెదర్ కోరల్ లాంటి మెత్తటి రకాలు పెట్టుకోండి, ఇవి చిన్నచిన్న తేడాల్ని ఓర్చుకుంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం ఇప్పుడే రాసుకోండి: జోయాంథిడ్ జాతుల్లో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఏది ఏదో చూసి చెప్పడం కష్టం కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, అవి పెరిగిన రాయిని బ్రష్షుతో గీకొద్దు, వేడినీళ్లలో ఎప్పటికీ మరిగించొద్దు. ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు ఉన్నాయి.

ఈ జాబితాకి 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉన్న ట్యాంకు చాలు. లెక్క వేస్తే 96 లీటర్లు వస్తుంది కానీ అన్ని నీళ్లు పట్టవు. పైన 4 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే 86, రాళ్లు, ఇసుక ఆక్రమించింది తీసేస్తే దాదాపు 75. మందు వేసినా, ఉప్పు కలిపినా లెక్క ఈ 75 మీదే, పెట్టె మీద రాసిన అంకె మీద కాదు. ఇంకా చిన్నదైతే సులువు కదా అంటారేమో, అదే అసలు తికమక. చిన్న ట్యాంకు తుడవడం సులువు, కుదురుగా నిలబెట్టడం కష్టం, కారణం ఆవిరి.

ఈ ఆవిరి సంగతి కాస్త నిదానంగా చూద్దాం. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35), అంటే మంచినీటితో పోలిస్తే సాంద్రత 1.026 దగ్గర. మనం కూడా అక్కడే ఉంచాలి. 60 బై 40 ట్యాంకు పైభాగం 2,400 చదరపు సెంటీమీటర్లు, నీటిమట్టం రోజుకి 4 మిల్లీమీటర్లు తగ్గిందంటే దాదాపు లీటరు పోయినట్టు. 75 లీటర్లలో ఒక లీటరు పోతే 35 కాస్తా 35.5 అవుతుంది, పగడాలు పట్టించుకోవు. కానీ ఎండాకాలం ఫ్యాను పెడితే రోజుకి రెండు లీటర్లు పోవచ్చు, మీరు మూడు రోజులు ఊరెళ్లారు, తిరిగొచ్చేసరికి 38. ఇక 30 బై 30 పెట్టెలో 18 లీటర్ల నీళ్లుంటే, అదే 4 మిల్లీమీటర్లకి ఒక్కరోజులోనే రెండు శాతం పోతుంది, అంటే 75 లీటర్లలో రోజుకి 4 మిల్లీమీటర్ల చొప్పున మూడు రోజులకి వచ్చే మార్పులో సగం ఒకటే రోజులో.

తగ్గిన నీటిని ఉప్పునీటితో నింపడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఉప్పు ఎక్కడికీ పోలేదు కదా, మళ్లీ ఉప్పు పోస్తే ఎలా? నింపాల్సింది మంచినీళ్లతోనే, అదీ ఆర్ఓ-డీఐ నీళ్లు, అంటే కరిగినవన్నీ వడగట్టేసిన నీళ్లు, కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించేవి. కుళాయి నీటిలోని ఫాస్ఫేటు, నైట్రేటు నాచుకి విందు, రాగి ఉంటే రొయ్యలకీ నత్తలకీ నేరుగా విషం. రోజూ చేత్తో పోయొచ్చు, కానీ ఏటీఓ (ఆటో టాప్ ఆఫ్) అనే పరికరం మట్టం తగ్గగానే తనే నింపుతుంది. నన్నడిగితే ఖరీదైన లైటు కన్నా ముందు దీనికి డబ్బు కేటాయించండి. ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ తీసుకోండి, దాన్ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి, ఉత్త నీళ్లతో సున్నా చూసి వదిలేస్తే పై అంకెల దగ్గర తప్పు చూపించొచ్చు.

స్థలం. కిటికీ ఎండ పడకూడదు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. నీళ్లు, రాళ్లు, ఇసుక, గాజు కలిపి స్టాండు కాకుండానే 120 కిలోల దాకా వస్తుంది కాబట్టి టీవీ బల్ల మీద పెట్టే ఆలోచన మానుకోండి. ప్లగ్గు పాయింటు నీటిమట్టం కన్నా పైన ఉంటే మేలు, లేకపోతే ప్రతి వైరూ సాకెట్టు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేలా చూసుకోండి, కారిన నీళ్లు వైరు అడుగునే బొట్లుగా రాలిపోతాయి.

మిగతా సామాను గురించి ఇప్పుడు టెన్షన్ వద్దు. 75-100 వాట్ల హీటరు, 25-26 డిగ్రీల దగ్గర ఉంచడానికి. గంటకి 1,500 లీటర్ల దాకా తిప్పే వేవ్‌మేకర్ ఒకటి. కరెంటు పోతే ఆక్సిజన్ అందడానికి బ్యాటరీ ఎయిర్ పంపు. చేపలు ఎగిరి బయట పడకుండా పైన వల మూత, గాజు మూత పెడితే వేడి లోపలే ఉండిపోతుంది. ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాల్ని తీసే పరికరం) ఈ సైజుకి తప్పనిసరి కాదు, రెండే చేపలుండి వారం వారం పది శాతం నీళ్లు మారిస్తే అది లేకుండానే నడుస్తుంది.

ఇప్పుడు ఈ వారం పని. ట్యాంకు పెట్టాలనుకున్న చోటే ట్రేలో నీళ్లు పోసి మట్టం దగ్గర గీత గీయండి, 24 గంటల తర్వాత ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో కొలవండి. ఇలా ఒక మామూలు రోజూ, బాగా వేడిగా ఉన్న రోజూ చేయండి. ట్రేలో నీళ్లు కదలవు, ట్యాంకులో అలలు, హీటరు ఉంటాయి కాబట్టి వచ్చిన అంకెకి మరో సగం కలుపుకోండి. దాన్ని సెంటీమీటర్లలోకి మార్చి (4 మిల్లీమీటర్లంటే 0.4) మీ ట్యాంకు పొడవు, వెడల్పులతో గుణించి వెయ్యితో భాగిస్తే రోజుకి ఎన్ని లీటర్లో వస్తుంది. మీరు ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఇంట్లో ఉండరో దాంతో గుణించండి, ఏటీఓకి మంచినీళ్లు నిలవుంచే డబ్బా అంత పెద్దది కావాలి. ఆ డబ్బా స్టాండు కింద పట్టకపోతే మార్చాల్సింది స్టాండు కొలత, కాగితం మీదే కాబట్టి ఖర్చు లేదు.

2వ పాఠంలో ఉప్పు కలపడం, రాళ్లు పేర్చడం, ఆ తర్వాత చేపలు లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ కొలుస్తూ కూర్చోవడం. ఆ మూడు టెస్ట్ కిట్లు మాత్రం తెచ్చిపెట్టుకోవచ్చు, గడువు తేదీ చూసి తీసుకోండి.