దడి మీద తొండని చూడాలంటే

కోనసీమలో తొండ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. తాటాకు దడి, కాలువ గట్టు మీద జిల్లేడు, కొబ్బరితోట కంచె చాలు. నీళ్ళు నిలిచిన చేలో మాత్రం వెతక్కండి, గట్టెక్కి చూడండి.

పొద్దున్న ఎనిమిది నుంచి పది మధ్య వెళ్ళాలి. రాత్రి చల్లబడ్డ ఒళ్ళు వేడెక్కేదాకా ఎండ తగిలే చోట కదలకుండా కూర్చుంటుంది. మబ్బు పట్టిన రోజు వెళ్ళి, ఇక్కడ తొండల్లేవనుకోవద్దు. నాలుగైదు మీటర్ల దూరంలో ఆగండి, మీ నీడ దాని మీద పడనివ్వకండి. చెట్టు మీదుంటే మాను చాటుకి పోతుంది. మీరు చుట్టూ తిరిగితే అదీ తిరుగుతుంది. అందుకే ఇద్దరు వెళ్ళాలి. ఒకరు కదలకుండా నిలబడితే, రెండోవారు అవతలి నుంచి మెల్లగా వస్తారు. తొండ తనంతట తనే మొదటివారి వైపు వచ్చేస్తుంది.

తోకతో కలిపి అడుగు దాకా ఉంటుంది, అందులో సగానికి పైగా తోకే. ఒళ్ళు గరుకు, మెడ నుంచి వీపు మీదికి ముళ్ళ వరస. చెవి పైన విడివిడిగా రెండు చిన్న ముళ్ళు కనిపిస్తే ఇక అనుమానం లేదు. నున్నగా మెరుస్తూ ఎండుటాకుల్లోకి జారిపోయేది నలికీచు. సామెత ఏమన్నా, తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదు: ఊసరవెల్లి వేళ్ళు రెండు జట్లుగా అతుక్కుని పట్టకారులా ఉంటాయి, తొండకి ఐదూ విడివిడిగానే. విషం లేదు గానీ, పట్టుకుంటే కరుస్తుంది. తోక పట్టి లాగొద్దు. బల్లికిలా తెగిన తోక మళ్ళీ మొలవదు.

మే నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా మగదాని తల, భుజాలు ఎర్రబడతాయి, గొంతు పక్కన నల్లమచ్చ తేలుతుంది. ముందుకాళ్ళ మీద లేచి పడుతూ తల ఆడిస్తుంది. అది ఇంకో మగదానికి హెచ్చరిక, ఆడదానికి పిలుపు. పోట్లాటలో ఓడితే ఆ ఎరుపు చూస్తుండగానే దిగిపోతుంది.

ఆ నెలల్లోనే పాదులు తవ్వేటప్పుడు మెత్తటి తడిమట్టిలో తెల్లటి, తోలు పెంకు గుడ్లు బయటపడుతుంటాయి. పొడవు సెంటీమీటరు, ఒక్కో గుంటలో పది నుంచి ఇరవై. తల్లి కాపలా ఉండదు. పై వైపు పెన్సిల్‌తో గీత పెట్టి, దొర్లించకుండా తియ్యండి. తిరగబడితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. నీరు నిలవని చోట, అదే మట్టిలో, నాలుగు వేళ్ళ లోతున గీత పైకి ఉండేలా పెట్టి కప్పండి. ఆరేడు వారాల్లో పిల్లలొస్తాయి. అప్పటిదాకా అక్కడ పార వెయ్యొద్దు, ఎరువు చల్లొద్దు.