గెంతే సాలెపురుగు ప్రణయ నృత్యాన్ని దగ్గరగా చూడటం ఎలా?

ముందు మగదాన్ని గుర్తుపట్టాలి. నోటి పక్కనున్న రెండు చిన్న స్పర్శాంగాల కొసలు బాక్సింగ్ గ్లవ్స్ తొడిగినట్టు ఉబ్బి ఉంటే అది ఎదిగిన మగది. సన్నగా ఉంటే ఆడదో, పిల్లదో.

కలపడానికి ముందురోజు ఆడదానికి కడుపునిండా ఈగలు పెట్టండి. ఆకలి మీదున్న ఆడదానికి మగది కూడా ఆహారమే. ఇదివరకే జతకట్టినదైతే ఎక్కువగా ఒప్పుకోదు, తరిమి కొడుతుంది.

అందరూ తప్పు చేసేది సాలీళ్లు నిలబడే అడుగుభాగం దగ్గరే. చాలా జాతుల్లో మగది కాళ్లు ఊపడంతో పాటు పొట్టను అదిలించి నిలబడ్డ చోటు గుండా ప్రకంపనలు పంపుతుంది. గాజు, రాయి వాటిని సరిగా మోయవు, కాబట్టి సగం ప్రదర్శన ఆడదాన్ని చేరదు. చట్రానికి బిగించి కట్టిన పల్చటి నైలాన్ గుడ్డ వాడండి. ఎండుటాకు కూడా ఫర్వాలేదు.

ఆడదాన్ని ముందు వదిలి 10 నిమిషాలు కుదురుకోనివ్వండి. తర్వాత మగదాన్ని సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో, ఆమె ముఖానికి ఎదురుగా దించండి. ఎనిమిది కళ్లున్నా వివరంగా చూసేవి ముందున్న పెద్ద కళ్లు రెండే.

వెలుతురు నేరుగా పగటిదైతే మేలు. కాస్మోఫాసిస్ అంబ్రాటికా అనే గెంతే సాలీడు జాతిలో మగది అతినీలలోహిత కాంతిని ప్రతిఫలిస్తుంది. ఆ కాంతి లేకుంటే ఆడది అతన్ని పెద్దగా పట్టించుకోదు. మామూలు ఎల్‌ఈడీ కింద నృత్యం తేలిపోయేది అందుకే.

ఇక కళ్లార్పకండి. ఆస్ట్రేలియా నెమలి సాలీడైతే మూడో జత కాళ్లెత్తి, పొట్ట మీది రంగుల విసనకర్రను విప్పుతుంది. ఎంత అందమో! ఆడది పదేపదే మీదికి దూకుతుంటే మెత్తటి బ్రష్‌తో వెంటనే విడదీయండి. జతకట్టాక కూడా మగదాన్ని అక్కడ ఉంచకండి.