పెండ్లిపిల్ల ముస్తాబు – 5వ పాఠం: పూలజడ

ముందు పోయిన పాఠం బాకీ తీర్చాలి. సవరం (జడ పొడుగు కోసం కలిపి అల్లే విడి జుట్టు) కట్టడం చెప్పాక ముగ్గురు ఒకటే ఫిర్యాదు చేశారు: తలంబ్రాల టైమ్‌కి సవరం జారి మెడ మీదికి వచ్చిందట. హన్మకొండ అక్క ఒకామె పెండ్లయ్యేదాకా పిల్ల వెనకే కూర్చుని ఒక చేత్తో జడ పట్టుకుందట.

తప్పు నాదే. ముందురోజు తలస్నానం చేయించమన్నాను గానీ, పెండ్లి పొద్దున మంగళస్నానం ఉంటుందన్న సంగతి రాయలేదు. ముత్తైదువలు నడినెత్తిన నూనె అంటి, నలుగు పెట్టి, నీళ్లు పోస్తారు. జిడ్డు పోవాలని ఆ వెంటనే ఎవరో షాంపూ రుద్దుతారు, మెత్తగా ఉండాలని కండిషనర్ కూడా పెడతారు. ఇక ఆ జుట్టు మీద సవరం ఏం నిలుస్తుంది? పైగా ముహూర్తం ముంచుకొస్తోందని తడిమీదే అల్లేస్తారు. తడి జుట్టు ఉబ్బి ఉంటుంది. ఆరినకొద్దీ సన్నబడి కట్టు వదులవుతుంది.

ఆ పొద్దున కుంకుడు రసమే వాడండి. జుట్టు కాస్త గరుకుగా ఉంటుంది, మనకు కావాల్సింది అదే. సాంబ్రాణి పొగ వేసి, ఫ్యాను కింద గంటసేపు కూర్చోబెట్టండి. రెండు మెలికలు అల్లాక సవరం పై ముడిని నల్లదారంతో నడిమి పాయకు కట్టి, దాని పాయలను మూడింట్లో కలిపి అల్లుకుంటూ పోండి. మెడ దగ్గరే కట్టేస్తే బరువంతా పిన్నుల మీద పడుతుంది.

ఇంకొకామె రామప్ప గుడి మదనికల ఫొటో పంపి అలాంటి కొప్పు నేర్పమంది. 1213 నాటి గుడి అది, ఆ కొప్పులు నల్లరాతివి, జారవు. మనం జడతోనే ఉందాం.

మూడు పాయల జడ, చివర జడకుప్పెలు మీకు వచ్చు, వదిలేస్తున్నా. పూలజడకు చాలామంది అట్ట వాడతారు. నాకు నచ్చదు, పిల్ల పీట మీద కూర్చోగానే నడుము దగ్గర విరుగుతుంది. మందపాటి గుడ్డ పట్టీ తీసుకుని, మల్లెమొగ్గలు వరుసలుగా కుట్టి, నడుమ నడుమ కనకాంబరాలు పెట్టండి. రాత్రే కుట్టి, తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయట ఉంచితే తెల్లారేసరికి విచ్చుకుంటాయి. చలికాలం లగ్గాలకు నేను లిల్లీ మొగ్గలు వాడతాను. చామంతి అందమే గానీ బరువు.

ఇప్పుడు అసలు సంగతి. పూలజడ ఊగకుండా ఉండాలని దాన్ని జాకెట్టుకు పిన్ను పెడుతున్నారు. పెట్టకండి. ఫొటోలో నిటారుగా కనిపిస్తుంది, నిజమే. కానీ పుస్తె కట్టే టైమ్‌కి ఆడపడుచు వెనక నుంచి జడ పైకెత్తుతుంది. బాజాలు ఒక్కసారిగా జోరందుకుంటాయి, పెండ్లికొడుకు చేతులు అప్పటికే వణుకుతుంటాయి. జడతో పాటు జాకెట్టూ లేస్తుంది. ఆడపడుచుకు అర్థం కాక ఇంకాస్త గట్టిగా గుంజుతుంది. నేను చూసిన పెండ్లిలో పిన్ను ఊడి పిల్ల వీపున గీసుకుపోయింది. పిల్ల పెదవి కొరుక్కుని తల వంచుకునే ఉంది. అందరూ సిగ్గనుకున్నారు. ఒక్క పిన్నే కదా అనకండి, సన్న పిన్ను అనకండి, చీరకు పెడతాం అసలే అనకండి. జడ లేవాలి, అంతే. ఊగుతుందని భయమైతే జడకుప్పెలు బరువైనవి పెట్టండి.

బాసికం దారం కూడా అంతే. జడ ఎత్తి కింద ముడి వేయాలి. పూల మీదుగా కడితే మొగ్గలు నలుగుతాయి, విప్పేటప్పుడు చెంపసరాలు కూడా ఊడొస్తాయి. పాపిటబిళ్లను కొంచెం పైకి కట్టండి, నుదుటి మీద బాసికానికి చోటుండాలి. నడినెత్తిన పూలు, రాకిడి (తలలో పెట్టే గుండ్రటి నగ) వద్దు, అది జీలకర్ర బెల్లం పెట్టే చోటు. రాకిడి వెనక్కి దించండి. మా మేనకోడలి లగ్గానికి అద్దెకు తెచ్చిన కెంపుల రాకిడి సందుల్లో ఇరుక్కున్న జీలకర్రను సూదితో గుచ్చి తీసేసరికి నాకు పొద్దుగూకింది.

ప్రాక్టీసుకు ఆషాఢం మంచిది, ముహూర్తాలుండవు. ఇంట్లో చెల్లెనో వదిననో బతిమాలి కూర్చోబెట్టండి. తలంటి, ఆరబెట్టి, సవరం, పూలజడ, బాసికం అన్నీ పెట్టి మూడు గంటలు అలాగే ఉంచండి. ఇరవైసార్లు వంగి లేవమనండి. ఎవరితోనైనా పదిసార్లు జడ ఎత్తించండి. జీలకర్ర బెల్లం కూడా నిజంగానే పెట్టండి, ఉత్త తమలపాకు పెట్టి సరిపెట్టొద్దు. ఇలా మూడు రోజులు. నాలుగోరోజు ఆమె మీకు దొరకదు, కాబట్టి ఇద్దరిని మాట్లాడి పెట్టుకోండి.

వచ్చేసారి పారాణి. పాత దుప్పటి ఒకటి దగ్గర పెట్టుకోండి.