కీవర్డ్ నంబర్లు చూసి పేజీ రాశారు, ఫోన్ మోగలేదు: తప్పు ఎక్కడుంది?

తిరుపతిలో లాడ్జి, టాక్సీ, ట్రావెల్స్ నడిపేవాళ్ల వెబ్‌సైట్లకు వచ్చే జబ్బులు నాలుగైదే. ఏ మందు వేసేముందైనా ఒక పని చేయండి. మీరు ఎంచుకున్న కీవర్డ్‌ను, అంటే జనం వెతుకుతారని మీరు పేజీకి పెట్టుకున్న మాటను, గూగుల్‌లో కొట్టి, మొదటి పేజీలో వచ్చినవన్నీ చదవండి. మీ సైటు ఎన్నో నంబరులో ఉందో వెతుక్కోమని కాదు. అక్కడ ఉన్నవి బుకింగ్ సైట్లా, మ్యాపా, వీడియోలా, బస్సు టైమింగులా అన్నది చూడండి. ఆ మాట కొట్టినవాళ్లు ఏం కోరుతున్నారని గూగుల్ అనుకుంటోందో ఆ పేజీయే చెప్తుంది. రెండు నిమిషాల పని. అదేమిటో గానీ, దీన్ని వదిలేసి అందరూ నేరుగా సెర్చుల లెక్క చెప్పే టూల్‌లోకి దూకుతారు.

సమస్య: సెర్చ్ కన్సోల్‌లో ఇంప్రెషన్స్ వేలల్లో, క్లిక్స్ వేళ్ల మీద

సెర్చ్ కన్సోల్ అంటే మీ సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ టూల్. ఇంప్రెషన్ అంటే ఫలితాల్లో మీ పేజీ కనిపించడం, క్లిక్ అంటే దాన్ని నొక్కి లోపలికి రావడం. "తిరుమల దర్శనం టికెట్లు", "300 రూపాయల దర్శనం" అని కొట్టేవాళ్లు టీటీడీ అధికారిక సైటుకు దారి వెతుకుతున్నారు. పక్కన మీ పేజీ ఉన్నా అటు చూడరు. ఆ మాటలు వదిలేయండి. టికెట్ చేతికొచ్చాక పుట్టే ప్రశ్నలు పట్టుకోండి: రేణిగుంట విమానాశ్రయం నుంచి కొండపైకి బండి ఎంత, శ్రీనివాసమంగాపురం దాటి శ్రీవారి మెట్టు దాకా ఎలా పోవాలి, సామాన్లు ఎక్కడ పెట్టాలి.

సమస్య: జనం వస్తున్నారు, ఫోన్ చేయడం లేదు

"శ్రీవారి మెట్టు ఎన్ని మెట్లు" అని వచ్చినవాళ్లు 2,388 అని చదువుకుని వెళ్లిపోతారు. వాళ్ల తప్పేం లేదు. అదే పేజీలో మెట్ల మొదటిదాకా దింపే బండి రేటు, ఫోన్ నంబరు పెట్టండి. రేటు రాయకుండా "సంప్రదించండి" అంటే ఎవరూ సంప్రదించరు.

సమస్య: కీవర్డ్ ప్లానర్ "సెర్చులు తక్కువ" అంటోంది, లాడ్జి మాత్రం నిండుతోంది

చాలామందిని దెబ్బతీసేది ఇదే. ప్లానర్ అంటే ఏ మాటను ఎంతమంది వెతుకుతున్నారో చెప్పే గూగుల్ యాడ్స్ టూల్. దాంట్లో పైన లొకేషన్ గడి ఉంటుంది. వ్యాపారం తిరుపతిలో ఉంది కదా అని అక్కడ తిరుపతి అని పెడతారు. ఆ గడి అడిగేది మీ షాపు ఉన్న ఊరు కాదు, వెతికే మనిషి ఉన్న ఊరు. తిరుపతిలో ఇల్లున్నవాడు తిరుపతిలో లాడ్జి వెతకడు. వెతికేవాడు బెంగళూరులోనో చెన్నైలోనో హైదరాబాదులోనో కూర్చుని ఉన్నాడు.

నంబరు సున్నా వస్తే ఎవరికైనా అనుమానం వచ్చేది. ఊళ్లో దిగాక వెతికేవాళ్లు కొందరుంటారు కాబట్టి చిన్నదే అయినా నమ్మదగ్గ నంబరు వస్తుంది. పైగా మీ ఫోన్‌లో కొట్టి చూస్తే మ్యాప్‌లో మీ లాడ్జే పైన కనిపిస్తుంది, ఎందుకంటే ఫోన్ కూడా తిరుపతిలోనే ఉంది. ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ మిగలని విండోలో చూసినా అంతే, అది మీ ఊరిని దాచదు.

సరిచేసే పద్ధతి ఇది. ముందు లాడ్జి రిజిస్టరో టాక్సీ ట్రిప్ షీట్లో తీసి చివరి 100 మంది ఏ ఊరివాళ్లో లెక్కపెట్టండి. సెర్చ్ కన్సోల్‌లో ఊరు కోసం వెతక్కండి, అది దేశం దగ్గరే ఆగుతుంది. సైటుకు వచ్చినవాళ్ల లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో ఊరు కనిపిస్తుంది గానీ మొబైల్ నెట్ మీద వచ్చినవాళ్లను వేరే ఊరి లెక్కలో వేసేస్తుంటుంది. రిజిస్టరే నయం. తర్వాత ప్లానర్‌లో తిరుపతి తీసేసి, రిజిస్టరులో ఎక్కువగా తేలిన ఊళ్లను ఒక్కొక్కటిగా పెట్టి, వచ్చిన మాటల జాబితాను ఫైల్‌గా దింపుకోండి. అన్నీ కలిపి పెడితే ఎవరు ఏ మాట వాడుతున్నారో తెలియదు. భాష దగ్గర ఆల్ లాంగ్వేజెస్ ఉంచండి.

ఇప్పుడు నంబర్లకన్నా మాటలు పోల్చండి. మన తెలుగువాళ్లు అరుణాచలం అంటారు, చెన్నైవాళ్లు తిరువణ్ణామలై అంటారు. గుడి ఒకటే, బండి ఒకటే, పేజీలో మాత్రం రెండు పేర్లూ ఉండాలి. ఉత్తరాదివాళ్లకు మన శ్రీవారు బాలాజీ. "కొండకి బండి" అన్నది మన నోట్లోనే ఉంటుంది. స్పెల్లింగ్ తేడాల గురించి మాత్రం బెంగపడొద్దు: తిరుపతిని ఇంగ్లిషులో హెచ్‌తో రాసినా హెచ్ లేకుండా రాసినా గూగుల్ చాలావరకు ఒకటిగానే చూస్తుంది. వాటికోసం రెండు పేజీలు చేయడం దండగ.

బెంగళూరువాళ్లకు ఏం కనిపిస్తోందో చూడాలంటే గూగుల్ యాడ్స్‌లోని యాడ్ ప్రివ్యూలో ఊరు మార్చి చూడండి. లేదా అక్కడున్న బంధువుతో ఒక స్క్రీన్‌షాట్ పంపించుకోండి, అదే సులువు.

ఇదే తప్పు తిరగబడి కూడా వస్తుంది. చిత్తూరులో ట్యూషన్ సెంటర్ పెట్టి లొకేషన్ ఇండియా అని వదిలేస్తే నంబరు ఘనంగా ఉంటుంది, ఒక్క పిల్లవాడూ రాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీదైతే ఇంకో తంటా. తోటలో "బెంగుళూరా" అనే కాయను గల్ఫ్‌లోని కొనుగోలుదారు తోతాపురి అని, అదీ అసెప్టిక్ డ్రమ్ (క్రిములు లేకుండా గుజ్జు నింపిన డ్రమ్), బ్రిక్స్ (తీపి కొలత) అన్న మాటలతో వెతుకుతాడు. లొకేషన్ ఆ దేశం పెట్టాల్సిందే.

అరుదైనవి

రెండు టూల్స్ రెండు నంబర్లు చూపడం: మామూలే, పట్టించుకోకండి. ఒక మాటకు వెతుకులాట పెరగడం, తగ్గడం గ్రాఫ్‌గా చూపే గూగుల్ ట్రెండ్స్‌లో 100 అంటే వంద సెర్చులు కాదు, ఆ గ్రాఫ్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు, అంతే. మీ రెండు పేజీలు ఒకే మాటకు పోటీపడటం: చిన్న సైట్లలో తక్కువ, ఉంటే ఒకదానిలో కలిపేయండి.

మార్చాక ఎలా చూడాలి

28 రోజులు ఆగి పోల్చండి. పోయిన నెలతో వద్దు, నిరుటి అదే తేదీలతోనూ వద్దు. బ్రహ్మోత్సవాలు 2024లో అక్టోబరు 4న మొదలైతే 2025లో సెప్టెంబరు 24న మొదలయ్యాయి. అధిక మాసం వచ్చిన ఏడాది రెండుసార్లు జరుగుతాయి, 2023లో అలాగే జరిగాయి. సెర్చ్ కన్సోల్‌లో కస్టమ్ తేదీలు పెట్టి ఈ ఏటి ధ్వజారోహణం రోజును (బ్రహ్మోత్సవాలు మొదలయ్యే రోజు) నిరుటి ధ్వజారోహణం రోజుతో పోల్చండి. డేటా 16 నెలలే ఉంటుంది కాబట్టి ఈ ఏటిది ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.